గవరయ్య ముడి

కలకత్తా రేవు పక్కనున్న మా వాట్‌గంజ్ బస్తీలో అప్పట్లో రేవు పనికి వెళ్లని మగవాడు గవరయ్య ఒక్కడే. శ్రీకాకుళం నుంచి వచ్చిన మా తాతలందరూ ఓడల్లో బస్తాలు మోసినవాళ్లే. గవరయ్య మాత్రం ఉత్తర కలకత్తాలో ఒక నాటక బృందానికి మోకులు లాగేవాడు. తెరలు, పైనుంచి దిగే గోడలు, చెట్లు అన్నీ అతని చేతి మీదే నడిచేవి. పద్దెనిమిదేళ్లు చేశాడు. అతన్ని చూసినవాడు లేడు.

"ఏటి బావా, తెరెనకాల కూకుని బీడీలు కాల్చినా జీతవిస్తారేటి?" అని కొళాయి దగ్గర పోలిరాజు ఎగతాళి చేసేవాడు. గవరయ్య నవ్వేసేవాడు. అతని భార్య నారాయణమ్మ మాత్రం బిందె విసురుగా ఎత్తుకుని వెళ్లిపోయేది.

గవరయ్యకు తండ్రి రేవులో నేర్పిన ముడి ఒకటి ఉండేది. ఎంత బరువు వేలాడినా జారదు. కొస పట్టి ఒక్కసారి గుంజితే విడిపోతుంది. దానికి రేవువాళ్ల కట్టుబాటు ఉంది: మనతో పాటు బస్తా కింద మెడ పెట్టనివాడికి ఆ ముడి చూపించకూడదు. అందుకే గవరయ్య వేదిక పక్క చీకట్లో కూడా వీపు తిప్పుకునే ముడి వేసేవాడు.

రెండేళ్ల కిందట, ఎనభై ఆరులో, ఆ బృందం రేవు కూలీల సమ్మె మీద నాటకం తయారుచేసింది. దర్శకుడు మృత్యుంజయ బాబు ఎర్రజెండా మనిషి. మాట మెత్తన. చివరి రంగంలో హీరో జనం ముందు మోకుకు ముడి వేయాలి.

"గవరదా, నీ ముడి మావాడికి నేర్పు. నూరో ప్రదర్శన నాడు నిన్ను వేదిక మీదికి పిలిచి, ఈ ముడి ఎవరిదో చెబుతాను. మీ ఆవిడను ముందు వరసలో కూర్చోబెడతాను" అన్నాడు బెంగాలీలో. అన్నను వాళ్లు 'దా' అంటారు.

నారాయణమ్మ ఒప్పుకోలేదు. "ఆల్లు మనతో బస్తాలు మోసినారేటి? ఒద్దు మావా."

"మోసినట్టే గదే. మన కతే ఆడతన్నారు" అన్నాడు గవరయ్య. మూడు రోజులు కూర్చుని నేర్పాడు.

నూరో ప్రదర్శనకు నారాయణమ్మ, పోలిరాజు, పక్కింటి కుర్రాడిగా నేనూ వెళ్లాం. ముందు వరస పార్టీ పెద్దలతో నిండిపోయింది. మమ్మల్ని వెనక గోడ దగ్గర కూర్చోబెట్టారు. హీరో ముడి వేయగానే హాలంతా చప్పట్లు. నాటకం అయ్యాక మృత్యుంజయ బాబు అందరినీ పేరుపేరునా పిలిచాడు. వేదిక పక్కన గవరయ్య ఉతికిన చొక్కా అంచు మాకు కనిపిస్తూనే ఉంది. పేర్లు అయిపోయాయి.

"ఈ ముడి కోసం నేను రెండు నెలలు రేవు కూలీల మధ్య బతికాను" అన్నాడు దర్శకుడు. మా రేవుకు వచ్చే ఖిదిర్‌పూర్ వంతెన దాటి ఎరగని మనిషి!

తెర దిగింది, ఎప్పటిలాగే, సరిగ్గా సమయానికి.

"దించకూడదనుకున్నాన్రా. సేతులు మాట ఇన్నేదు" అన్నాడు గవరయ్య నాతో తర్వాత. తిరుగు ట్రాములో పోలిరాజు ఒక్క హాస్యమూ ఆడలేదు.

మర్నాడు గవరయ్య వేదిక మీదికి దిగే గోడకు మామూలు ముడి వేశాడు. గోడ జానెడు జారింది.

"నీ ముడి ఏమైంది, గవరదా?" అన్నాడు మృత్యుంజయ బాబు.

"నా ముడేటి బాబూ? రెండు నెల్లు బతికి నేర్సుకున్నారు గదా. మీరే ఏసుకోండి."

తెలుగులోనే అన్నాడు. మృత్యుంజయ బాబు అర్థం కాక, నవ్వి భుజం తట్టాడు. గవరయ్య మోకు కింద పెట్టి వచ్చేశాడు.

నలభై అయిదేళ్ల వయసులో ఇప్పుడు పోలిరాజు పక్కనే బస్తాలు మోస్తున్నాడు. ఆ ముడి చూపించమని పోలిరాజు చాలాసార్లు అడిగాడు. ఒకే బస్తా కింద ఇద్దరి మెడలూ ఉన్నాయి, అడిగే హక్కు ఉంది.

"మరిసిపోనాను బావా" అంటాడు గవరయ్య, మామూలు ముడి బిగిస్తూ.