దేవర రాయికి తలంటు

పోయిన వారం ఎండ తగ్గే వేళకు మేకలను తోలుకుని రోడ్డు మీదికి వచ్చేసరికి ఒక కాలేజీ బస్సు ఆగి ఉంది, దాంట్లోంచి దిగిన ఆడపిల్లలు నీళ్ల సీసాలు చేతపట్టుకుని వత్తల్‌మలై కొండ వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. వాళ్లలో ఒక పిల్ల నా దగ్గరికి వచ్చి, పాట్టీ, అంటే అవ్వా అని పిలిచి, ఇక్కడ పాతకాలపు వీరుడి రాయి ఉందట, ఎటు పోవాలి అని అరవంలో అడిగింది. ఏం చదువుతున్నావమ్మా అంటే టూరిజం మేనేజ్‌మెంట్ అంది. ఆ మాట నా నోటికి తిరగదు గానీ చెవికి బాగా తెలిసిన మాటే. చెయ్యి చాచి దారి చూపించాను. ఆ పిల్ల నవ్వి వెళ్లిపోయింది. నేను మాత్రం మేకలను వాటి ఇష్టానికి వదిలేసి గట్టు మీద కూలబడిపోయాను, ఎందుకంటే నా బిడ్డ చదివింది కూడా ఆ చదువే, నా బిడ్డకు ఈ ఊరి దారి మూసుకుపోయింది కూడా ఆ రాయి దగ్గరే.

మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. ఎన్ని తరాల కిందట ఈ కొండ కిందికి వచ్చామో చెప్పేవాళ్లు లేరు, గొడ్లను వెంటబెట్టుకుని వచ్చామని మాత్రం అందరూ చెప్తారు. రాగి చేలు, మేకలు, దొరికిన రోజు కూలిపని, చింతకాయల కాలం వస్తే మగవాళ్లు చెట్లెక్కి కొమ్మలు దులపడం, ఇదీ మా బతుకు. నా మొగుడు అట్లా దులపడానికే పోయి, కొమ్మ విరిగి కిందపడి, ఇంటికి మోసుకొచ్చేలోపలే మాట పడిపోయి, తెల్లారేసరికి పోయాడు. నా బిడ్డ అప్పుడింకా బడికి పోతూ ఉంది. చేతుల గాజులు పగలగొట్టి మూలన కూర్చోబెట్టిన ఆ రోజులు ఎట్లాంటివో నా ఈడు ఆడవాళ్లకు నేను విప్పి చెప్పనక్కరలేదు.

మావాళ్ల ఆచారం ఒకటి ఇక్కడ చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఊరికి పడమర చేల మధ్యలో మనిషెత్తు రాయి ఒకటి నిలబడి ఉంటుంది, దాన్ని మేము దేవర అంటాం. ఇంట్లో మనిషి చచ్చిపోతే తల దగ్గర దీపం పెడతాం కదా, ఆ దీపం మసిని దాచిపెట్టి, దినాల రోజు ఆముదంలో కలిపి, మగవాళ్లు తీసుకుపోయి దేవర రాయికి రాస్తారు. అట్లా రాస్తే పోయినవాళ్లు ఆ రాతిలో చేరినట్టు. తరతరాలుగా రాసి రాసి ఆ రాయి ఎద్దు తోలంత మందాన నల్లగా అట్టకట్టి, కింద ఏముందో ఎవరికీ తెలియకుండా అయింది. ఆడవాళ్లు రాయి దగ్గరికి పోకూడదు, దూరంగా గట్టు మీద నిలబడాలి. ఆ నలుపు అంటే ఏమిటన్నది చావు జరిగిన ఇంట్లో ఆ ఒక్క రోజే, విధవకూ కొడుకులకూ చెప్తారు. మామూలు రోజుల్లో ఆ మాట నోట పలికితే చావును పేరుపెట్టి పిలిచినట్టని భయం. నాకు చెప్పింది నా మొగుడి అన్న, మా బావ. కొడుకులు లేరు కాబట్టి ఆయనే మసి తీసుకుపోయి రాశాడు. నా బిడ్డ ఆడపిల్ల, దానికి ఎవరూ చెప్పలేదు, చెప్పే ఆచారమూ లేదు. దేవరకు చమురంటే ఇష్టమని మాత్రమే అది అనుకుంది, ఊర్లో పిల్లలందరూ అనుకున్నట్టే.

బడి చదువు అయిపోయాక యూనివర్సిటీలో దానికి ఈ టూరిజం సీటు వచ్చింది. మా పక్క దాన్ని సుట్రులా చదువు, అంటే ఊర్లు తిరిగి చూపించే చదువు అంటారు. ఆ కబురు తెలిసిన రోజు మా తోడికోడలు పేడకళ్లు ఎత్తుతూ నన్ను ఆపి ఎగతాళి చేసిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“ఏమ్మే, దావ సూపించేదానికి మూడేండ్లు సదవాల్నా? మా మేకపోతును పంపిస్తా, ఒక్క పూటలో నేర్పిస్తాది.”

“మీ మేకపోతుకు ఇంగ్లీషు రాదు గదక్కా” అన్నాను నేను. ఇద్దరమూ కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆమెతో నేను నవ్విన నవ్వుల్లో నాకు బాగా గుర్తున్నది అదే.

సెలవులకు వచ్చినప్పుడల్లా నా బిడ్డ నన్నే పరాయి మనిషిని చేసి వాకిట్లో నిలబెట్టేది. నువ్వు ఢిల్లీ నుంచి వచ్చినావు మా, నీకు మా ఇల్లు తెలీదు అనుకో అని చెప్పి, చేతులు ఊపుకుంటూ ఇంగ్లీషులో మా గుడిసెను, కుంపటిని, మేకల దొడ్డిని నాకే చూపించేది. ఢిల్లీ మనిషి ఎట్లా నవ్వుతుందో నాకేం తెలుసు, కొంగు నోట్లో పెట్టుకుని నిలబడేదాన్ని. నేను వేలిముద్ర మనిషిని, దాని పుస్తకంలో ఏముందో ఎరగను, కానీ ఆ చదువు దాని వంగిన మెడను నిలబెట్టిందని నాకు తెలిసేది. తండ్రి పోయినప్పటినుంచి నేల చూపులు చూసే పిల్ల, ఎదుటి మనిషి ముఖంలోకి చూసి మాట్లాడడం అక్కడే నేర్చుకుంది.

ఆఖరి సంవత్సరంలో పిల్లలు తలా ఒక చోటును చూసుకోవాలట, వాళ్ల సొంత ఊరి పక్క ఎవరికీ తెలియని చోటు, దాన్ని చూడదగినట్టు చేసి, దాని కథ రాసి, ఫోటోలతో చూపించాలట. అందరూ జలపాతమో గుడో పట్టుకుంటే నా బిడ్డకు దేవర రాయి గుర్తొచ్చింది. అట్లాంటి రాళ్ల మీద ఏదో చెక్కి ఉంటుందని పాఠంలో చెప్పారట, మా రాయి మీద కూడా ఉండే ఉంటుందని దానికి ఆశ. ఆడవాళ్లు పోకూడదన్నది పాతకాలపు మాటని పక్కనబెట్టి, హాస్టలు స్నేహితురాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఆ పొద్దు ఏ. పళ్లిపట్టి ఊరి పక్క కూలికి పోయి ఉన్నాను, ఊర్లో మగవాళ్లు గొడ్లతో కొండ మీద ఉన్నారు.

నేను బస్సు దిగేసరికే ఒక పిల్లవాడు ఎదురు పరుగెత్తుకొచ్చి, మీ పాప దేవరను కడుగుతా ఉంది అన్నాడు. పరుగెత్తాను. బతుకులో మొదటిసారి ఆ గట్టు దాటి రాయి దగ్గరికి పోయాను. వేడినీళ్ల బిందెలు, శీకాయ పొడి, కొబ్బరి పీచు. ముగ్గురు పిల్లలూ మోచేతుల దాకా నలుపు అంటుకుని, చెమటలు కారుతూ, పండగ చేసుకుంటున్నవాళ్లలాగా వెలిగిపోతున్నారు. రాయి తెల్లగా నిలబడి ఉంది, దాని మీద బల్లెం పట్టిన వీరుడు తేలాడు.

అప్పుడే మా బావ ఆవులతో కొండ దిగి వచ్చాడు.

“ఏం సేసినావమ్మీ ఇది?”

“దేవరకు తలంటు పోసినాము పెద్దనాయనా!” అంది నా బిడ్డ సంబరంగా. “ఇట్రా, చూడు. ఈయనొక్కడే కాదు, పక్కన ఆడమనిషి కూడా ఉండాది. ఇన్నేండ్లూ మనకు తెలీకనే పాయె!”

ఆయన అరవలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేదని తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాను. చతికిలబడి, బురదలోంచి నల్లటి పెళ్ల ఒకటి ఏరి, తువ్వాలుతో తడి అద్ది, నా బిడ్డ అరచేతిలో పెట్టాడు.

“ఇది మీ నాయన, అమ్మీ. మీ నాయన, మా నాయన, మా అవ్వ. ఎవరు ఏ పెళ్లలో ఉండారో ఇంక ఎవురికి తెలుసు?”

నా బిడ్డ ఆ చెయ్యి ముయ్యలేదు, దులపలేదు. చాచిన చెయ్యి చాచినట్టే పెట్టుకుని నా ముఖం చూసింది. దాని తల మీదుగా నాకు కనబడింది మాత్రం ఆ రాతి ఆడమనిషి, మొగుడి పక్కన నిలబడి చెయ్యి పైకెత్తి ఉంది, మణికట్టు నిండా గాజులు చెక్కి ఉన్నాయి. మొగుడు చచ్చిపోతే నిప్పుల్లో దూకిన ఆమెకే అట్లా చెక్కుతారని నా బిడ్డ స్నేహితురాలు ఒకతి ఎవరూ అడగకుండానే చెప్పింది, పాపం, ఏదో ఒకటి మాట్లాడాలని.

మరుసటి రోజు మా బావ వాకిట్లో పెద్దలు కూడారు. స్నేహితురాళ్లు తెల్లవారుజామునే బస్సెక్కి వెళ్లిపోయారు. నా బిడ్డను గుడిసె దాటి రావద్దన్నారు. నా మొగుడి మేనత్త, పళ్లు లేని ముసలమ్మ, మట్టి గుప్పిటతో ఎత్తి పోసింది.

“ఊర్లు సూపించే సదువు సదివి, ఉన్న ఊరినే కడిగేసె గదరా! నా మొగుడు యాడరా? నా కొడుకు యాడ?”

ఆమె ఏడుపు నిజమైనదే. తెలియక చేసిందని నేను అన్నాను, పేరు పెట్టి చెప్పని మాట పిల్లకు ఎట్లా తెలుస్తుందన్నాను. తెలియక తొక్కినా నిప్పు కాలుస్తుంది అన్నారు. మా బావ లేచి ఒక చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు. మావాళ్లలో బతికున్న మనిషిని వదులుకోవాలంటే అదే పద్ధతి, నాకు ఈ బిడ్డ లేదు అని చెప్పి ఆ చెంబును నేల మీద ఒంపెయ్యాలి. ఒంపితే నేను ఊరి మనిషిని, పొయ్యికి నిప్పు దొరుకుతుంది, కూలికి పిలుపు వస్తుంది, రేపు నేను పోతే నా మసి రాతికి చేరుతుంది. ఒంపకపోతే అవేవీ లేవు. ఆయన గొంతు తగ్గించి, ఒంపెయ్యి తల్లీ, నీకు ఇంకేం దారి ఉండాది అన్నాడు. ఆయన నా మంచి కోరే అన్నాడు, అది కూడా నిజమే.

ముందు రోజు నుంచి నా నోట్లో మెతుకు పడలేదు, గొంతు ఎండి అంటుకుపోయి ఉంది. చెంబు ఎత్తాను. అందరూ చూస్తూ ఉండగా ఆ నీళ్లు గటగటా తాగేసి, చెంబు కింద పెట్టి, మూతి తుడుచుకుని ఇంటికి వచ్చేశాను. వెనక ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత కూడా ఎవరూ పిలవలేదు.

నా బిడ్డ ఆ ఫోటోలు ఎవరికీ ఇవ్వనంది, ఆ కథ రాయనంది. చేసిన పనంతా పోగొట్టుకుని, ఇంకొక ఏడు కూర్చుని, వేరే చోటు గురించి రాసి గట్టెక్కింది. ఇప్పుడు ఏదో కొండ ఊర్లో హోటల్లో ఉంది, వచ్చేవాళ్లకు చుట్టుపక్కల చూపిస్తుంది. నన్ను చూడాలంటే ధర్మపురి బస్టాండు దాకా వస్తుంది, నేను అక్కడికి పోతాను, ఇద్దరమూ బెంచీ మీద కూర్చుని ఇడ్లీ తింటాం, బస్సు వస్తే ఎక్కేస్తుంది. నేను గుడిసె పీకి రోడ్డు పక్కకు మార్చుకున్నాను, మేకలున్నాయి, అవి నాతో మాట్లాడతాయి. తనతో వచ్చెయ్యమని అది అడుగుతూనే ఉంటుంది. మేకలను ఎవరు చూస్తారంటాను. అసలు మాట అది కాదు. నా మొగుడు ఈ చేలల్లోనే ఏ నీళ్ల వెంట ఎటు కారిపోయాడో తెలియకుండా వదిలిపెట్టి పోవడానికి కాళ్లు రావడం లేదు.

నా బిడ్డ స్నేహితురాలు తీసిన ఫోటో ఒకటి ఎట్లాగో బయటికి పోయింది, దాన్ని చూసి జనం రావడం మొదలుపెట్టారు. ముందు ఒకరిద్దరు, తర్వాత కార్లు, ఇప్పుడు బస్సులు. చేల మధ్య దారి వేశారు, బోర్డు పెట్టారు, రాతి ఆడమనిషికి ఎర్రచీర కట్టి పొంగలి పెడుతున్నారు. నా బిడ్డను వాకిలి తొక్కనివ్వని ఇంటి పిల్లలే ముందు నడిచి, మా దేవర ఇదిగో అని చూపిస్తున్నారు. చెక్కినది చెడిపోతుందని, చమురు రాయడం మాత్రం మానుకోమన్నారట బోర్డు పెట్టినవాళ్లు. మొన్న మా బావ కూడా కన్నుమూశాడు. దూరం నుంచి చూశాను. ఆయన మసిని మగవాళ్లు రాతికి రాయలేదు, కింద మట్టిలో రెండు చుక్కలు వేసి, దండం పెట్టి లేచి వెళ్లిపోయారు.

అప్పట్లో ఆ నలుపులో ఎవరు ఎవరో తెలిసేది కాదు, అత్తా కోడలూ, కొట్టుకున్న అన్నదమ్ములూ, చెట్టు మీద నుంచి పడ్డవాడూ, పురిట్లో పోయిన తల్లీ, అందరూ ఒక్కటిగా అంటుకుని ఎండకూ వానకూ కలిసి నిలబడి ఉండేవాళ్లు, వాళ్ల పక్కన మనకూ ఒక వేలి మందం చోటు ఉందిలే అని బతికున్నవాళ్లం ధైర్యంగా ముసలివాళ్లమయ్యేవాళ్లం. ఇప్పుడు ఆ రాయి చాలా అందంగా ఉందంటారు వచ్చినవాళ్లు. ఆ వీరుడి బల్లెమూ కనిపిస్తుంది, ఆమె గాజులూ కనిపిస్తాయి. ఆ ఇద్దరే ఉన్నారు దాని మీద. మేమెవ్వరమూ లేము.