ఎవరికీ చెప్పకూడని నంబరు

మా పేటలో సగం మందికి ఆధార్‌లో ఒకటే ఫోన్ నంబరు. అది మా ముఠా మేస్త్రమ్మది. కూలికి మనుషుల్ని కూడగట్టేది ఆవిడే. ఆధార్ తీసిన రోజుల్లో ఫోన్ ఉన్నదీ ఆవిడకే, అందుకని అందరం ఆ నంబరే ఇచ్చాం. దేశమంతా డిజిటల్ అయిపోయిందని టీవీలో చెప్పినప్పుడల్లా, మా వాటా డిజిటల్ మేస్త్రమ్మ అన్నం సంచిలో భద్రంగా ఉందని నాకు ధైర్యంగా ఉండేది.

ఇంజనీరింగ్ ఎంట్రన్స్‌కి దరఖాస్తు పెట్టడానికి ఆఖరి రోజున ప్రత్తిపాడు నెట్ సెంటర్‌కి వెళ్లాను. ఆ రోజు దాటితే చదువు ఆపేసి అమ్మతోపాటు మిరప కోతలకే. మా క్లాసులో చదివే రైతుగారబ్బాయి మాత్రం మంచం మీద పడుకునే ఫోన్లో పెట్టేశాడట. "అంత దూరం ఎందుకు పోవడం? ఇంట్లోనే చేసుకోవచ్చుగా" అని నాకు సలహా కూడా ఇచ్చాడు, మహానుభావుడు.

"ఓటీపీ చెప్పమ్మా" అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

నా ఓటీపీ ఆ అబ్బాయి వాళ్ల నాన్నగారి మిరప చేలో, గట్టు మీద సంచిలో ఉంది. కారం చేతులతో ఫోన్ ముట్టుకుంటే మంటలని కోతలప్పుడు ఎవరూ దాని జోలికి పోరు. నెట్ సెంటర్ ఆయన ఫోన్ తీసుకుని చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఓటీపీ గడువూ అయిపోయింది. మళ్లీ పంపించాడు, అదీ పోయింది. వెనక జనం విసుక్కుంటున్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

మూడోసారి మేస్త్రమ్మ ఎత్తింది. వెంటనే రైతుగారి గొంతు వినబడింది. "పనిలో ఫోన్లేంటే?"

"పిల్ల చదువండీ, ఉండండి!" అని ఆవిడ కసిరి, మెసేజ్ చూసి ఒక్కో అంకే చేనంతా వినబడేట్టు అరిచింది. ఎవరికీ చెప్పవద్దని దాని కిందే రాసి ఉంటుంది. ఆవిడకు అంకెలు తప్ప చదవడం రాదు, నా అదృష్టం.

"ఇంకా గట్టిగా చెప్పక్కా, దానికి వినబడాలి!" అని సాళ్ల మధ్య నుంచి మా అమ్మ కేకేసింది.

దరఖాస్తు వెళ్లింది. కారం అంటిన ఫోన్ ఆనించిన మేస్త్రమ్మ చెంప మాత్రం పొద్దుగూకేదాకా మండుతూనే ఉందట.

మొన్న మా ఆఫీసులో సైబర్ భద్రత మీద క్లాసు పెట్టారు. ఓటీపీ కన్నతల్లికి కూడా చెప్పకూడదని టై కట్టుకున్నాయన నొక్కి చెప్పాడు. అందరితోపాటు నేనూ బుద్ధిగా తల ఊపాను. ఆవేళ ఆ చేలో వాళ్లు ఈ నియమం పాటించి ఉంటే, నేనీపాటికి అమ్మ పక్క సాలులో కాయ కోస్తూ ఉండేదాన్ని.