ముడి చూడకుండా గోడెక్కిన రోజు

2006 వానాకాలంలో నా మనసు ఒకచోట నిలవడం మానేసింది. బదిలీ అవుతుందో లేదో తెలియక ఆఫీసులో ఫోను మోగిన ప్రతిసారీ కుర్చీలోంచి లేచేదాన్ని. ఇంట్లో అన్నం సగంలో వదిలేసి బట్టలు మడతపెట్టడానికి వెళ్లేదాన్ని. పక్క సీటు వసంత కొన్నాళ్లు ఓపికపట్టి, "నిన్ను చూస్తుంటే నాకు కళ్లు తిరుగుతున్నాయే. శని ఆదివారాలు ఎక్కడికైనా పోదాం పద" అంది. అరకు దగ్గర కొండలెక్కడం నేర్పే చిన్న శిబిరం ఉందని ఎవరో చెబితే ఇద్దరం పేర్లిచ్చాం.

విశాఖలో ఉదయం ఏడు లోపు కిరండూల్ పాసింజరు ఎక్కాం. టికెట్టు అప్పట్లో పాతిక రూపాయల లోపే. శృంగవరపుకోట దాటాక కుడివైపు కూర్చుంటే లోయంతా కనిపిస్తుంది, కానీ నేను కూర్చుంటే కదా. సొరంగం వచ్చినప్పుడల్లా తలుపు దగ్గరికి వెళ్లడం, వసంత అరిస్తే వెనక్కి రావడం. పదకొండు దాటాక అరకులో దిగేసరికి వాన. తలకి పది రూపాయల షేర్ జీపులో శిబిరానికి బయల్దేరాం. ముందు చెక్కగోడ మీద నేర్పి తర్వాత కొండకి తీసుకెళ్తారట అంటే డ్రైవరు నవ్వాడు. "గోడెక్కడానికి ఇంత దూరమొచ్చినారేటమ్మా? విశాపట్నంలో గోడల్లేవేటి?"

అతనన్నది నిజమే అయింది. రాళ్లు తడిగా ఉన్నాయని ఆ రోజు కొండ మీదికి ఎవర్నీ పంపలేదు. మిగతావాళ్లు ఊరు చూడ్డానికి వెళ్లిపోయారు. మా ఇద్దరినీ శిక్షకురాలు బుద్రి పాత కాఫీ గోడౌన్‌లోకి తీసుకెళ్లింది. లోపల ముప్పై అడుగుల చెక్కగోడ, దాని నిండా చేత్తో పట్టుకోడానికీ కాలు మోపడానికీ బిగించిన రంగురంగుల పట్లు. పైన దూలానికున్న కొక్కేల్లోంచి రెండు తాళ్లు వేలాడుతున్నాయి. ఒక్కో తాడుకి ఒక కొస ఎక్కేవాళ్ల నడుము పట్టీకి, రెండో కొస కింద నిలబడేవాళ్ల పట్టీకున్న ఇనుప బిగింపులోంచి వాళ్ల చేతిలోకి.

బుద్రిది దగ్గరలోని కొండ ఊరు. పాతికేళ్లుంటాయి. మెల్లగా మాట్లాడుతుంది. "ఎక్కేవోళ్ల ముడి కిందోళ్లు సూడాలి. కిందోళ్ల తాడు ఎక్కేవోళ్లు సూడాలి. పతిసారీ సూడాలి. తప్పు కనిపిస్తే ఎవులైనా ఆగమనొచ్చు, వంట సేసే పైడమ్మైనా సరే" అంది. ముడి ఎలా వేయాలో చూపించింది. తాడు మీద ఎనిమిది అంకెలా ఒక ముడి వేసి, కొసని పట్టీలోంచి దూర్చి, అదే దారిలో వెనక్కి అల్లాలి. అప్పుడు తాళ్లు జంటగా కనిపిస్తాయి.

మొదటిసారి అన్నీ చూసుకున్నాం. టీ ఎందరికని అడగడానికొచ్చిన పైడమ్మ కూడా నిలబడి చూసింది. వసంత సగం ఎక్కి దిగింది. చలేస్తోందని ముడి విప్పి స్వెట్టరు వేసుకుంది. ఈలోగా రేకుల మీద వాన చప్పుడు తగ్గింది. బయటికి వెళ్లొచ్చేమోనని నాకు కాలు నిలవలేదు. "తొందరగా కానివ్వవే, ఇదయ్యాక కొండకి పోదాం" అంటూ తాడు పట్టుకుని గుమ్మం వైపే చూస్తున్నాను. వసంత హడావిడిగా తాడు దూర్చుకుని ఎక్కేసింది. బుద్రి అవతలి మూల వదులైన పట్టుకి మర బిగిస్తోంది.

అల్లం టీ తెచ్చిన పైడమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఆగండమ్మా! ఆ ముడేటి అలాగుంది? ఇందాక ముడిలో రెండేసి తాళ్లుండేవి కదా!"

తలెత్తి చూశాను. ఇరవై అడుగుల ఎత్తులో వసంత. కొసని పట్టీలోంచి దూర్చింది గానీ వెనక్కి అల్లలేదు. ఊరికే ముడిలోకి దోపి వదిలేసింది. బరువు పడితే జారిపోతుంది. నా చేతిలోని తాడుకి ఏ అర్థమూ లేదు.

బుద్రి పరుగున వచ్చింది. "మేడమ్, తాడు మీద బరువెయ్యకండి. రెండు సేతుల్తో గోడనే పట్టుకోండి. నాను వస్తన్నాను." పక్క తాడు అందుకుని ముడేసుకుంటూ నాతో, "ఆ తాడొగ్గేసి నాది బిగింపులో ఏసి పట్టుకోండి" అంది. పట్టుకున్నాను. ఎక్కుతుందనుకున్నాను. ఎక్కలేదు. నా ముందు నిలబడి, "ముడి సూడండి" అంది.

"ఇప్పుడా? అది పడిపోతుంది బుద్రీ, ఎక్కు!" అని అరిచాను.

"సూడండి మేడమ్. బేగి సూడండి, కానీ సూడండి."

ఒక్కో మెలికా తడిమాను. సరిగ్గా ఉంది. నా చేతిలోని తాడు ఆమె చూసింది. పది సెకన్లు కూడా పట్టి ఉండదు. పైన వసంత కుడికాలు కుట్టుమిషన్ తొక్కుతున్నట్టు ఆడుతోంది. "చేతులు లాగేస్తున్నాయే" అంది నీరసంగా. బుద్రి చకచకా ఎక్కి, రెండు వైపులా కొక్కేలున్న తాడుముక్కతో వసంత పట్టీని తన పట్టీకి తగిలించింది. ఇద్దరి బరువూ తాడు మీద పడగానే నా మడమలు నేల వదిలాయి. పైడమ్మ టీ పళ్లెం పడేసి వెనకనుంచి నా నడుము చుట్టేసింది. ఆమె కూడా ఉండబట్టి వాళ్లను మెల్లగా దింపగలిగాను.

వసంత నేలమీద కూర్చుండిపోయింది. నావైపు చూడలేదు. బుద్రి తిడుతుందేమోనని అటు తిరిగాను. ఆమె నుదురు తుడుచుకుంటూ, "కట్టింది ఆవిడ. సూడాల్సింది మీరు. మీ ఇద్దర్నీ సూడాల్సింది నాను. ముగ్గురం తప్పినాం" అని ఆ పూటకి గోడౌన్ మూసేసింది.

సాయంత్రం వసంత తన టీ తీసుకుని వంటింట్లో పైడమ్మ దగ్గరికి వెళ్లి కూర్చుంది. నేను వరండాలో ఆ చివరికీ ఈ చివరికీ నడుస్తూనే ఉన్నాను. మర్నాడు ఉదయం ఎండ కాసింది. బుద్రి కొండకి పోదామంది. "ముందు నిన్నటి గోడే" అంది వసంత. ముడేసుకుని బుద్రి దగ్గరికి వెళ్తుందనుకుంటే, నా ఎదురుగా వచ్చి చేతులు పైకెత్తి నిలబడింది. "చూడు." చూశాను. మళ్లీ చూశాను. "ఇంక చాల్లేవే" అనేదాకా చూశాను.

నా తొందర ఇప్పటికీ తగ్గలేదు. కానీ నా తొందర నా ఒక్కదాని సొంత వ్యవహారం కాదని ఆ గోడౌన్‌లో తెలిసింది. ఆ రోజు వసంత చేతులు పడ్డ శ్రమలో నా వంతు ఉంది. ఆమె బతికి దిగడంలో పైడమ్మ చూపుకీ, బుద్రి ఆగిన ఆ కొద్ది క్షణాలకీ వంతు ఉంది. మీరు వెళ్తే స్వెట్టరు ముందే వేసుకోండి, లోపల చలిగా ఉంటుంది. మధ్యలో ముడి విప్పితే మాత్రం, తిరిగి కట్టాక మీ తాడు పట్టుకునే మనిషిని పిలిచి చూపించండి. వాళ్లు గుమ్మం వైపు చూస్తుంటే, ఇటు తిరిగేదాకా ఎక్కకండి.