అక్క చేతుల పారాణి

అమెరికా పద్ధతి స్కూలంటే ఏమిటో బహ్రెయిన్ వెళ్లేదాకా నాకు తెలీదండి. మా గోదావరి జిల్లాలో నేను చదివిన బడికి ఒకటే స్టాఫు రూము. లెక్కల మేష్టారూ తెలుగు మేష్టారూ ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకుని ఒకరి పచ్చడి ఒకరు వేసుకునేవారు. ఇక్కడ అలా కుదరదు. సబ్జెక్టుకో డిపార్టుమెంటు, దానికో గది, దానికో పెద్ద, ఆ పెద్దకో సొంత టీ కప్పు. ఆ కప్పు పొరపాటున పక్క గదికి వెళ్లిందా, ఇక ఆ పూట నా బతుకు కుక్కలు చింపిన విస్తరే.

నేను హెల్పర్ని. తొంభైల్లో మాట. అన్ని డిపార్టుమెంట్లకీ టీ ఇచ్చేది నేనే కాబట్టి ఎవరి సంగతి ఏమిటో నాకు తెలిసినట్టు ప్రిన్సిపాలుకి కూడా తెలీదు. లెక్కలవాళ్లు నలుగురూ నోరు విప్పరు, పంచదార మాత్రం చెంచా అంచుకి చదును చేసి మరీ వేసుకుంటారు. ఇంగ్లీషువాళ్లు కప్పు ముందు పెట్టుకుని కబుర్లలో పడి, టీ చల్లారిందని నా మీద ఎగురుతారు. సోషల్ గదిలో ఒకళ్లు విప్పిన మ్యాపుని ఇంకొకళ్లు చుట్టేస్తుంటారు. ఉన్నవాళ్లలో సైన్సు పెద్దాయనే నయం. తాడిచెట్టంత మనిషి, ఏ చొక్కా చూసినా చేతి దగ్గర యాసిడ్ చిల్లు. నేను చేరి పదకొండు నెలలైనా చూసినప్పుడల్లా చెయ్యి కలిపి, కొత్తగా వచ్చావా అని అడిగేవాడు.

వీళ్లెవరికీ చెందని డిపార్టుమెంటు మాది. తుడిచేవాళ్లు, డ్రైవర్లు, గేటు దగ్గర వాచ్‌మన్, నేను. మెట్ల కింద చీపుర్లు పెట్టే చోటే మా స్టాఫు రూము. దానికి పెద్ద అక్క.

అక్కది కరీంనగర్ వైపు. నాకంటే పదేళ్లు పెద్ద. గదులు తుడిచే పని. ప్రభువుని నమ్ముకున్న మనిషి, శుక్రవారం తెలుగువాళ్ల ప్రార్థన సహవాసానికి వెళ్లకపోతే ఆవిడకి వారం గడిచినట్టే ఉండదు. ఉండేది బహ్రెయిన్‌లో అయినా ఇంటికి ఉత్తరం నాచేత రాయించుకుంటూ "దుబాయిల మంచిగున్న అని రాయి తమ్మీ" అనేది. ఇది దుబాయి కాదక్కా అంటే, "నీకెందుకురా, చెప్పింది రాయి" అనేది. నా పనిలో వంకలు వెతకడం ఆవిడ డ్యూటీలో భాగం.

నా డ్యూటీలో అసలు తలనొప్పి మిషన్లు. ముఖ్యంగా ఆ జెరాక్సు మిషను. కాగితాలు పరపరా నమిలేది. పరీక్షల ముందైతే ఇంకా ఆకలి దానికి. అమెరికా నుంచి ఇన్‌స్పెక్షన్‌వాళ్లు వస్తున్నారని తెలిసిన రోజు ఆఫీసు మేనేజరు నన్ను పిలిచాడు. "వాళ్ల ముందు ఒక్క మిషను ఆగినా నువ్వు ఖలాస్. పాస్‌పోర్టు చేతిలో పెట్టి విమానం ఎక్కిస్తా" అన్నాడు. ఆ వీసా కోసం మా బావ ఎంతమంది గడపలు తొక్కాడో నాకు తెలుసు. ఏడాది తిరక్కుండా పెట్టె పట్టుకుని దిగితే ఆయన మొహం ఎలా చూడను చెప్పండి?

ఇన్‌స్పెక్షన్ సరిగ్గా దసరా రోజు పడింది. మా నాన్న రైసు మిల్లులో ఇంజను తోలేవాడు. ఆయుధ పూజ చెయ్యకుండా ఏ ఏడూ దాన్ని కదిలించి ఎరగడు. బొట్టు పెట్టిన ఇంజను మాట వింటుందనేవాడు. నాకు అదొక్కటే దారి కనిపించింది. ముందు రోజు మధ్యాహ్నం అందరూ వెళ్లాక తాళాలగుత్తి పట్టుకుని బయల్దేరాను. గిన్నెలో తడి పసుపు, కాగితంలో కుంకం, సంచీలో నిమ్మకాయలు. జెరాక్సు మిషనుకి ముందూ వెనకా దట్టంగా పసుపు పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. ప్రొజెక్టర్లకీ, కంప్యూటర్లకీ, టైపు మిషన్లకీ, నేల తుడిచే మిషనుకీ, ఆటల గదిలో బంతులకి గాలి కొట్టే పంపుకీ వరసగా పెట్టుకుంటూ పోయాను. సైన్సు గదిలో ప్లాస్టిక్ అస్థిపంజరం ఒకటి నిలబడి నన్నే చూస్తోంది. అది మిషను కాదనుకోండి, కానీ అందరికీ పెట్టి దాన్నొక్కదాన్నీ వదిలేయడం ఏం బావుంటుందని నుదుటిన ఇంత పసుపు, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టాను. కళగా ఉందండి.

మర్నాడు పొద్దున్నే నేను వ్యాను దిగేసరికి అక్క జెరాక్సు గదిలో బకెట్టు ముందేసుకుని రుద్దుతోంది.

"నీ దిమాగ్ ఖరాబైందార తమ్మీ! మిషిన్లకు బొట్లేంది? ఇంకో గంటల పెద్ద పెద్దోళ్లు వస్తున్నరు. ఇది చూస్తె నిన్ను ఉంచుతరా?"

నేనూ తుడుస్తానక్కా అన్నాను.

"నువ్వు ఈడ కనవడకు. పో, గేటు కాడ కుర్చీలెయ్యి పో!"

బొట్టంటేనే పడని మనిషి, నా బొట్లన్నీ ఒక్కతే తుడవడానికి పూనుకుంది. నేను కుర్చీలు వేసుకుంటున్నాను. ఇక్కడే వచ్చిందండి చిక్కు. పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రబడుతుందని తెలియని ఆడకూతురు మన దేశంలో ఉండదు. ఆ కంగారులో అక్కకి గుర్తు రాలేదు. వేణ్ణీళ్లలో బట్టల సబ్బు పొడి కలిపి రుద్దింది. రుద్దిన కొద్దీ ఎరుపు. తెల్లటి జెరాక్సు మిషను కోళ్లు కోసిన బల్లలా తయారైంది. ఆఫీసులో టైపు చేసే దొరసాని ముందుగా వచ్చి తలుపు తీసి, రక్తం అని ఒక్క కేక పెట్టింది.

మేనేజరు పరుగున వచ్చాడు. నేల మీద బకెట్టు, మిషను నిండా ఎర్ర చారలు. యల్లా యల్లా, త్వరగా రండి అంటూ మా డిపార్టుమెంటు మొత్తాన్నీ వరండాలో వరసగా నిలబెట్టి చేతులు చాపమన్నాడు. అందరివీ మామూలు చేతులే. అక్కవి మాత్రం మణికట్టు దాకా ఎర్రగా, పెళ్లికూతురి కాళ్లకి పెట్టిన పారాణిలా పండి ఉన్నాయి.

"ఇది నీ పనేనా?" అన్నాడు హిందీలో.

అక్క కళ్లు మూసుకుంది. పెదాలు మాత్రం కదులుతున్నాయి.

"ఇన్‌స్పెక్షన్ రోజే దొరికిందా నీకు? నీతో ఎవరున్నారు? చెప్పకపోతే ఈ రోజే సామాన్ సర్దుకోవాలి."

ఇప్పుడు పెద్దమనిషిలా రాస్తున్నాను గానీ, ఆ పూట నాకు నోరు పెగల్లేదండి. నా కళ్ల ముందు వీసా ఆడింది, బావ మొహం ఆడింది. ఆవిడ పాతమనిషి కదా, ఆవిణ్ణి ఏమీ చెయ్యర్లే అని కూడా అనుకున్నాను. ఛీ, ఆ ఆలోచన నాదే. మేనేజరు ఇంకోసారి అడిగాడు. అక్క కళ్లు తెరవలేదు. డ్రైవరుని పిలిచి, ఈవిణ్ణి తీసుకెళ్లి క్యాంపులో దింపు అన్నాడు. డ్రైవరు జేబులోంచి తాళాలు తీసిన చప్పుడైంది.

అప్పుడు చెప్పాను, నేనే సార్ అని. ఆవిడ తుడిచింది, పెట్టింది నేను అని.

మేనేజరు నా వైపు తిరిగి నోరు తెరిచేలోపే వరండా చివర్నించి సైన్సు పెద్దాయన వచ్చాడు, చంకలో అస్థిపంజరం పెట్టుకుని. దాని నుదురంతా ఎర్రగా పులిమినట్టుంది. ఎవరిది ఈ పని అని అడిగాడు. మొహంలో కోపం లేదు, పండగ దొరికినట్టుంది. అక్క చెయ్యి పట్టుకుని వాసన చూసి పసుపని కనిపెట్టేశాడు. గబగబా వెళ్లి జెరాక్సు మిషను చక్రం కింద నేను పెట్టిన నిమ్మకాయ లాక్కొచ్చి, జేబులో కత్తితో కోసి, ఆవిడ అరచేతిలో పిండాడు. ఎరుపు పోయి చెయ్యి మళ్లీ పసుపచ్చగా మారింది. మేనేజరు కూడా ఆఁ అని ముందుకి వంగాడు.

"ఈ ఇద్దర్నీ నాకివ్వండి. ఇన్‌స్పెక్షన్‌వాళ్లకి ఈ రోజు ఇదే నా పాఠం" అన్నాడు సైన్సు పెద్దాయన. తర్వాత నాతో చెయ్యి కలిపి, కొత్తగా వచ్చావా అని అడిగాడు.

అలా బతికిపోయామండి. మిగిలిన మరకలు నిమ్మకాయలతోనే తుడిచాం. వచ్చినవాళ్లు సగం పొద్దు సైన్సు గదిలోనే ఉండిపోయారు. ఇంతా చేస్తే జెరాక్సు మిషను ఆ రోజు మూడో కాగితానికే ఆగిపోయింది, అడిగిన నాథుడు లేడు. సాయంత్రం మేనేజరు నాకు వార్నింగు లెటరు ఇచ్చాడు. ఫైలుకి ఒక కాపీ తీసి ఇవ్వమన్నాడు. దానికి మాత్రం మిషను ఒక్క పిసరు కూడా ఇరుక్కోలేదు, దాని మొహం మండా!

మా క్యాంపు ఉన్న ఉమ్మ్ అల్ హస్సామ్ వెళ్లే వ్యానులో అక్క పక్కన కూర్చున్నాను. నా పేరెందుకు చెప్పలేదక్కా అని అడిగాను.

"బైబిల్ల కీర్తన షురూ జేసిన" అంది కిటికీలోంచి చూస్తూ. "అది ఒడిసేలోపు మా తమ్మి నోరు తెరుస్తడనుకున్న. తెరవలే. మల్ల మొదటి నుంచి సదివిన. అప్పటికీ తెరవలే. ఆఖరికి మూడోపారి షురూ జేసిన తమ్మీ." నవ్వింది. "మంచిగ జేసినవ్‌లే. నిమ్మకాయలు మాత్రం పనికొచ్చినయ్."

తర్వాత ఒక శుక్రవారం నన్ను వాళ్ల సహవాసంలో భోజనానికి పిలిచింది. భోజనానికి ముందు అక్కే లేచి ఆ కీర్తన చదివింది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మాత్రం నా చేతి గడియారంలో ముల్లు చూస్తూ కూర్చున్నాను. చిన్నదే ఉంటుందనుకున్నాను. చాలాసేపే పట్టిందండి. దానికి రెండింతలు, ఆ పైన ఇంకాస్త, అంతసేపు నిలబెట్టాను ఆవిణ్ణి.