తొమ్మిదంగుళాల మంచు

మిన్నెసోటా ఉత్తరాన పైన్‌ఫాల్స్ అని చిన్న ఊరు. మనుషులకన్నా కుక్కలెక్కువ. అక్కడ తెలుగిల్లు ఒక్కటే, ఆదిశేషు అంకుల్‌ది. డెబ్భై ఎనిమిదిలో పేపర్ మిల్లుకి ఇంజనీరుగా వచ్చి, రిటైరయినంక కూడా అక్కడే ఉండిపోయిండు. నేను అప్పుడు డులూత్‌లో ఎమ్మెస్ చదువుతున్న. నళిని ఆంటీ చేతి పప్పుచారు కోసం రెండు గంటలు డ్రైవ్ చేసి పోయేటోణ్ణి. తన కోసమే వస్తున్ననని అంకుల్ అనుకునేటోడు. నేనెప్పుడూ కాదనలే.

ఆ ఊళ్లో ప్రతి ఫిబ్రవరిల, ఒక శని, ఆదివారం, గడ్డకట్టిన నది మీద కుక్కలు లాగే బళ్ల రేసు పెడతరు. అంకుల్‌కి కుక్క లేదు, బండి లేదు. కానీ ఆయన సరే అననిదే ఒక్క కుక్క కూడా నది మీద కాలు పెట్టదు. మంచు మందం కొలిచేది ఆయనే, ఇరవై రెండేళ్ల సంది. జీతం లేదు, ఏటా ఒక టోపీ ఇస్తరు. ఆ ఇంట్లో టోపీలు ఇరవై రెండు, తలలు రెండు.

రేసుకి ముందురోజు పొద్దున జనం నిలబడేకాడ, మలుపులకాడ, డ్రిల్లుతో బెజ్జాలు పెట్టుకుంటూ పోతడు. కొస వంచిన కర్ర అందులోకి దింపి, మంచు అడుక్కి తగిలించి, ఎంతుందో చెప్తడు. ఆంటీ వెనకనుంచి నోట్‌బుక్‌లో రాస్తది. మంచు నల్లగా గాజులెక్క ఉంటే గట్టిది. పాలలెక్క తెల్లగా ఉంటే సగమే లెక్క. అన్నీ పోను పన్నెండు అంగుళాలు రావాలె. ఆ రూలు పెట్టింది కూడా ఆయనే.

రెండువేల పన్నెండుల చలికాలం సరిగ్గ రాలే. ఫిబ్రవరిల ఒడ్డున గడ్డి కనపడుతున్నది. ఊరు మొత్తంల మంచున్నది నది మీదనే. నది లేకుంటే ఇంక రేసు లేదు.

ఆ ఏడు రేసు అందరికన్నా కార్ల్ నీమికి కావాలె. కార్ల్ మిల్లుల ఎలక్ట్రీషియన్, అంకుల్‌కి అమెరికాలో మొదటి దోస్తు. మొదటి చలికాలం అంకుల్ కారు గుంటల పడితే కార్ల్ వచ్చి లాగిండు. కుక్కల్ని కట్టి లాగిండంటడు అంకుల్. ట్రక్కుతో లాగిన అంటడు కార్ల్. ముప్ఫై ఏళ్లు అదే పంచాయితీ. గోంగూర పచ్చడి రొట్టె మీద జామ్ లెక్క పూసుకుని తినే తెల్లోణ్ణి నేను ఆయన్నొక్కణ్ణే చూసిన. ఇప్పుడాయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. డాక్టర్లు వచ్చే చలికాలం ముచ్చట ఎత్తడం మానేసిండ్రు. తన ఆరు కుక్కలతోని, ఆరు మైళ్లు, ఒక్కసారి పోతే చాలన్నడు.

శుక్రవారం పొద్దున నేను కూడా వాళ్ల వెంట పోయిన. వంతెనకింది మలుపు దాకా అన్నీ పన్నెండు, పదమూడు. అక్కడ కర్ర దింపి అంకుల్ ఆగిపోయిండు.

"తొమ్మిది."

ఆంటీ రాయలే. "ఇంకోసారి చూడండి."

పక్కన ఇంకో బెజ్జం పెట్టిండు. ఇంకోటి. నాలుగయినయి.

"తొమ్మిదే. అందులో ఐదు తెల్లది. ఆరున్నర రాసుకో నళినీ."

"అంకుల్, పన్నెండు అని ఎవరు పెట్టిండ్రు, మీరే గద," అన్న నేను. "మీరే మార్చుండ్రి. కుక్కలు ఎంత బరువుంటయి?"

"కుక్కలు పోతాయిరా. వాటిని చూడ్డానికి ఐదొందలమంది ఇక్కడే నిలబడతారు, పిల్లల్ని భుజాలెక్కించుకుని."

"జనాన్ని ఒడ్డు మీద పెడదాం."

"ఉంటారా? నువ్వుంటావా?"

నేనుండను. పోయినేడు జనాన్ని ఆపనీకి కట్టిన తాడు దాటిపోయి ఫొటోలు దిగింది నేనే.

ఆంటీ నోట్‌బుక్ మూసింది. "కార్ల్‌ని ఒక్కణ్ణే పోనివ్వండి. ఎవరూ రాకముందే. ఒక్క రౌండు."

"ఇక్కడ అడుగున నీళ్లు పారుతూనే ఉంటాయి నళినీ. ఇక్కడ తొమ్మిది ఉంది. పదడుగుల అవతల ఎంతుందో నాకు తెలీదు. అసలే ఊపిరందని మనిషి, ఆ నీళ్లలో పడితే ఎంతసేపుంటాడు?"

ఆంటీ మళ్లీ నోట్‌బుక్ తెరిచి రాసింది. ముక్కు తుడుచుకుంది. చలికే అనుకున్న.

సాయంత్రానికి కమిటీవాళ్లు రేసు క్యాన్సిల్ చేసిండ్రు. అయినా శనివారం జనం వచ్చిండ్రు. పార్కింగ్ లాట్‌లో హాట్‌డాగ్‌లు అమ్మిండ్రు, పిల్లలు కుక్కల్ని నిమిరిండ్రు. కార్ల్ కూడా వచ్చిండు. ట్రక్కు చుట్టూ కట్టేసిన ఆరు కుక్కలూ నది దిక్కు చూసి ఒకటే అరుపులు. వాటికి క్యాన్సిల్ అంటే ఏం తెలుసు?

అంకుల్ ట్రక్కు కాడికి పోయిండు, వెనక నేను. కార్ల్ దిగలే. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. అద్దం దించిండు.

"ఎంతొచ్చింది?"

"ఆరున్నర."

"ఆరున్నర మీద నేను ముప్ఫైసార్లు పోయిన శేషూ."

"తెలుసు."

"అప్పుడు నిన్నెవరూ అడగలే."

"ఈసారి అడిగారు."

కార్ల్ ముక్కు కాడి గొట్టం సర్దుకున్నడు. "ఒక్క అబద్ధం ఆడుంటే ఏం పోయేది?"

"ఆడితే నువ్వు నమ్మేవాడివి కార్ల్."

అద్దం పైకి పోయింది. అంకుల్ కొంచెంసేపు అక్కడే నిలబడి, ఇంటికి పోదాం పద అన్నడు.

ఆదివారం ఇద్దరు పోరగాళ్లు మంచు మీద నడిచే మోటారు బళ్లేసుకుని, ఆ వంతెన కిందనుంచే పొద్దుగూకేదాకా తిరిగిండ్రు. ఏం కాలే. ఊరంతా చూసింది. అంకుల్ మీద జోకులేసే హక్కు అప్పటిదాకా నా ఒక్కడిదే. ఆ వారం గ్రాసరీ స్టోర్ నుంచి చర్చి దాకా అందరూ తీసుకున్నరు. నేను మానేసిన.

అంకుల్ మూడుసార్లు కార్ల్ ఇంటికి పోయిండు. మూడుసార్లూ కూతురు తలుపు సగం తీసి, నాన్న పడుకున్నడని చెప్పింది. మూడోసారి లోపలనుంచి దగ్గు వినపడిందట. ఆంటీ ఇచ్చిన గోంగూర సీసా మెట్ల మీద పెట్టి వచ్చిండు.

ఏప్రిల్‌ల కార్ల్ పోయిండు. చర్చిల మేం ఆఖరి వరసల కూర్చున్నం. కుక్కల్ని విస్కాన్సిన్‌ల ఎవరికో ఇచ్చేసిండ్రు.

మరుసటేడు చలి విరగబడి వచ్చింది. వంతెన కింద కర్ర దింపి "ఇరవై" అన్నడు అంకుల్. అంతా నల్లమంచే. ఆంటీ రాసి ముందుకు పోయింది. నేను నోరు మూసుకుని ఉంటే బాగుండు, ఉండలే.

"అంకుల్, ఆ రోజు మళ్లీ వస్తే ఏం రాయిస్తరు?"

"ఆరున్నరే." డ్రిల్లు భుజానికెత్తుకున్నడు. కొంచెం దూరం నడిచినంక ఆయనే మళ్లీ అన్నడు. "కార్ల్ అద్దమే ఎత్తాడురా, ట్రక్కు తలుపుకి లాక్ వెయ్యలేదు. అవతలి వైపునుంచి ఎక్కి పక్కన కూర్చోవాల్సింది. తిట్టేవాడు. తిట్టనివ్వాల్సింది."

ముందు ఆంటీ ఆగి మా కోసం చూస్తున్నది. తర్వాతి బెజ్జం పెట్టడానికి పోయినం.