పదికి ముందు చేసిన ఫోను

ఇది జరిగినప్పుడే రాసి పెట్టుకోవాలనిపించింది. కానీ అప్పటికి నాకు అంకెలు తప్ప అక్షరాలు రావు. చిన్నప్పుడు తమ్ముళ్లు బడికి పోతే నేను మేకల వెంట పోయాను. యాభై దాటాక, పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, శుక్రవారం సెలవుల్లో అబ్బాసియా అనే పేటలో ఒక నర్సమ్మ నేర్పింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను పనిచేసే ఇంటి యజమానురాలిని ఇక్కడి వాడుకలో మామా అంటాం. ఆమెకు డెబ్బై ఏళ్లు. మోకాలి ఆపరేషన్ అయ్యాక కొడుకు ఆమెను సముద్రంలోకి పోనివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. ఆమె దగ్గర మడిచిపెట్టే కయాక్ ఒకటుంది. అల్యూమినియం గొట్టాలు ఒకదానిలో ఒకటి దూర్చి, పైన మందపాటి గుడ్డ తొడిగితే ఇద్దరు కూర్చునే పడవ. విప్పేస్తే ఒక సంచి. ఆ సంచి నా మంచం కింద ఉండేది. పై అంతస్తులో ఉండే కొడుక్కు తెలియదు.

అతను ఆఫీసుకు పోగానే మామా, ఆమె చిన్ననాటి స్నేహితురాలు మంగఫ్ ఊరు దాటి సముద్రం ఒడ్డుకు పోయేవాళ్లు. డ్రైవరూ నేనూ వెంట. గొట్టాలు అందించడం, తర్వాత ఒడ్డున కాపు కాయడం నా పని. దిగే ముందు మామా ప్రతిసారీ చెప్పేది:

"పదికి రాకపోతే నా కొడుక్కు ఫోన్ చెయ్. పదికి ముందు చేశావా, ఖలాస్, పడవ పోయినట్టే."

ఆ రోజు తొమ్మిది దాటగానే గాలి లేచింది. దుమ్ములో నీళ్లూ ఆకాశమూ ఒకే రంగయ్యాయి. పడవ కనబడలేదు.

"ఫోన్ కొట్టక్కా," అన్నాడు డ్రైవరు. మా కడప జిల్లావాడే.

"ఇంగా టైముండాది."

"టైము చూసుకుంటా కూచో. ముసిలోళ్లు మునిగితే వాళ్లు పైకి పోతారు, మనం జైలుకు పోతాం."

"నోరు మూస్కోరా. నీకంటే ఆమె బాగా ఈదుతాది."

అన్నానే గాని ఫోను బయటికి తీశాను. ఫోన్లో కొడుకు ఫొటో మీద వేలు పెట్టి తీశాను. మళ్లీ పెట్టాను. పదికి ఇంకా ఇరవై నిమిషాలుండగా నొక్కేశాను, ఎక్కడున్నామో చెప్పేశాను.

పదికి ఐదు నిమిషాలుందనగా ఇద్దరూ నడుము లోతు నీళ్లలో పడవను లాక్కుంటూ వచ్చారు. గాలికి ఎదురు తెడ్డు వేయలేక, లోతు తక్కువ చోట దిగి నడిచారట. నవ్వుతూ వస్తున్న మామా నా మొహం చూసి ఆగింది. నా చేతిలోని ఫోను తీసుకుని చూసింది.

"ఇంకా పది కాలేదు."

"భయమేసింది మామా."

ఆమె ఫోను నా చేతిలో పెట్టి ఒడ్డున కూర్చుంది. కొడుకు వచ్చి తల్లిని కారెక్కించాడు. డ్రైవరు చేత పడవను సగం సగం విప్పించి, ఉప్పునీళ్లతోనే సంచిలో కుక్కించాడు. ఇంటికొచ్చి చెత్తడబ్బా పక్కన పెట్టించాడు.

"రేపు చెత్తబండి తీసుకుపోతుంది. ఎవరూ ముట్టుకోవద్దు."

ఆ రోజంతా మామా నేను పెట్టిన చాయ్ తాగలేదు. ఉప్పు ఆరితే గొట్టాలు బిగుసుకుంటాయి, ఇక ఊడవు అని ఎప్పుడూ చెప్పేది ఆమే.

మర్నాడు తెల్లవారగానే ఆ సంచిని పెరట్లోకి ఈడ్చాను. పైపు పెట్టి ఒక్కో గొట్టాన్నీ మంచినీళ్లతో కడిగాను. రెండు బిగుసుకున్నాయి. వంటనూనె పోసి, మోకాళ్ల మధ్య పట్టి తిప్పి ఊడదీశాను. అన్నీ తుడిచి, గుడ్డ మడిచి, సంచిని నా మంచం కిందికి తోశాను. తర్వాత స్టోర్ గదిలోని పాత కార్పెట్ చుట్టి, తాడు కట్టి, పై అంతస్తు నుంచి చూస్తే ఆ సంచిలానే కనబడేట్టు చెత్తడబ్బా పక్కన పెట్టాను.