నిన్న లేని అమ్మాయి

మొన్న శ్రీకాకుళంలో సినిమా చూస్తుంటే హాలంతా ఈలలు మోగాయి. హీరోకి ఒకటే రోజు మళ్లీ మళ్లీ తెల్లవారుతుంది. ఒకసారి తను మనసుపడ్డ అమ్మాయికి ఇష్టమైన పాటేదో కనుక్కుంటాడు, ఇంకోసారి ఆమె భయాలు తెలుసుకుంటాడు. చివరికి ఏమీ ఎరగనట్టు ఎదురుపడి ఆమెను నవ్విస్తాడు. ఆ నవ్వుకే ఈలలు. నాకు ఒళ్లు మండింది. లలిత మేడం గుర్తొచ్చారు.

నరసన్నపేటలో నేను ఇంటర్ చదివిన ప్రైవేటు కాలేజీలో ఆవిడ ఫిజిక్స్ చెప్పేవారు. పొందూరు ఖద్దరు చీర, గట్టి గొంతు. కాలం గురించి మాకు ఆసక్తి పుట్టించాలని ఒక శనివారం ఇలాంటి సినిమానే ప్రొజెక్టరు మీద వేశారు. సగంలో ఆవిడే ఆపేశారు.

“ఆడికి అన్ని రోజులూ గుర్తున్నాయి. ఆ పిల్లకి ఏటీ గుర్తు లేదు. అదేటి ప్రేమర్రా? పరీక్ష పేపరు ముందే సూసేసి రాసినట్టు కాదేటి?”

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. అప్పటికి రెండు నెలలుగా బస్టాపులో ఒకడు రోజూ నాకోసం కాపు కాస్తున్నాడు. నా బస్సు, నా ట్యూషను, నా స్నేహితురాళ్ల పేర్లు అన్నీ వాడికి తెలుసు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారని భయం. క్లాసయ్యాక ఆవిడకి చెప్పేశాను. వాడు ఏ రోజు ఏం చేశాడో నాచేత కాగితం మీద రాయించారు.

సోమవారం సాయంత్రం నాతోపాటు బస్టాపుకి వచ్చి వాడి ఎదురుగా నిలబడ్డారు.

“ఏటి బాబూ, రోజూ ఇక్కడేటి పని నీకు?”

“ఏటీ లేదు మేడం. ఊరికే నిల్సున్నాను.”

“నిన్నా మొన్నా సేసినవన్నీ ఈ పిల్లకి గుర్తున్నాయి. రాసి పెట్టింది. రేపు నువ్విక్కడ కనబడితే ఆ కాయితం పోలీసుల కాడికి ఎల్తాది.”

వాడు మళ్లీ రాలేదు. కానీ వాడు కాలేజీ యజమాని మేనల్లుడు. వారం తిరక్కుండా ప్రిన్సిపాల్ ఆవిడని స్టాఫ్‌రూంలో అందరి ముందూ నిలబెట్టాడు. గుమ్మంలో నేనూ విన్నాను.

“కుర్రోడు ప్రేమించాడు, తప్పేటి? సినిమాలేసి పిల్లల్ని సెడగొట్టినాను, క్షమించండని రాసిచ్చీండి.”

ఆవిడ రాయలేదు. ఉద్యోగం తీసేశారు. వాడిని మాత్రం పల్లెత్తు మాట అనలేదు! మేడం వాళ్లింటికి వెళ్లి ఏడ్చాను.

“నా వల్లే కదా మేడం!”

“నీ వల్ల కాదే, ఆడి వల్ల. ఎవుడి వల్లో సరిగ్గా సెప్పడం నేర్సుకో ముందు” అని కసిరారు.

ఇప్పుడు ఎచ్చెర్ల దగ్గర నేనూ పాఠాలు చెబుతున్నాను. ఏ పిల్లయినా వచ్చి “నాదే తప్పేమో మేడం” అని మొదలుపెడితే, కూర్చోమంటాను. ముందు వాడి పేరు చెప్పమంటాను.